మీటింగ్ రూములో పొగమంచు



ధర్మపురి అనగానే మనలో చాలామందికి గోదావరి ఒడ్డు, లక్ష్మీనరసింహస్వామి గుడి గుర్తొస్తాయి. ఇవాళ నేను చెప్పబోయేది ఆ ధర్మపురి సంగతి కాదు. తమిళనాడులో, బెంగళూరు నుంచి సేలం వెళ్ళే పెద్దరోడ్డు మీదున్న ధర్మపురి. మామిడి తోటలూ రాగి చేలూ లోతైన బావులూ ఉన్న మెట్ట ప్రాంతం. 1965లో సేలం జిల్లా నుంచి విడిపోయి సొంతంగా జిల్లా అయింది. 2004లో కృష్ణగిరి వేరుపడే దాకా హోసూరు కూడా ఈ జిల్లాలోదే. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, హోసూరు దాటితే కన్నడం మాట్లాడే కుటుంబాలు ఈ చుట్టుపక్కల తరాలుగా ఉన్నాయి. ఆ ఇళ్ళ పిల్లలు ఇప్పుడు హోసూరు ఫ్యాక్టరీల్లో, బెంగళూరు ఆఫీసుల్లో పని చేస్తున్నారు. ఈ మధ్య వాళ్ళ నోట ఒక కొత్త పండుగ పేరు వినిపిస్తోంది. హాలోవీన్.

అక్టోబరు 31న వస్తుంది. అమెరికాలో మనవళ్ళున్న తాతయ్యలకూ అమ్మమ్మలకూ నేను వేరే చెప్పనక్కర్లేదు, దయ్యం వేషాల ఫోటోలు ఫోనులో చూస్తూనే ఉంటారు. ఇప్పుడది ఇక్కడి ఆఫీసుల్లోకీ వచ్చింది. ఆయుధ పూజకు యంత్రాలకు కుంకుమ బొట్లు పెట్టి, గేటు ముందు బూడిద గుమ్మడికాయ కొట్టిన కొద్ది వారాలకే, లోపల ఇంకో గుమ్మడికాయకు కళ్ళూ పళ్ళూ చెక్కి దీపం పెడుతున్నారు. దిష్టి తీయడానికి ఒకటి, దయ్యాన్ని పిలవడానికి ఒకటి. రెండు గుమ్మడికాయల ఖర్చూ ఒకే ఖాతాలో పడుతుందేమో!

నాకు ఆ పండుగతో పేచీ లేదు. పిల్లలు సరదా పడుతున్నారు, పడనివ్వండి. నా మాటలు ఆ పార్టీ ఏర్పాట్లలో ఒక్క మనిషి కోసం. ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు. అలంకరణ ఒకరికి, తినుబండారాలు ఒకరికి, పాటలు ఒకరికి అప్పగించాక, "పొగ నువ్వు చూసుకో" అని ఎవరో ఒక కుర్రాడికో అమ్మాయికో చెబుతారు. పొగ లేకపోతే దయ్యాల ఇల్లు దయ్యాల ఇల్లులా ఉండదు మరి. ఆ అబ్బాయి ఫోనులో రెండు వీడియోలు చూస్తాడు, డ్రై ఐస్ ఎక్కడ దొరుకుతుందో కనుక్కుంటాడు, లేదా పెళ్ళిళ్ళకు లైట్లు పెట్టే అన్నను పొగ మిషను అడుగుతాడు. ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ పైన తెలియాల్సిన సంగతులు వీడియోల్లో చెప్పరు.

పొగతో జనాన్ని ఒక్క క్షణం వేరే లోకానికి తీసుకుపోవడం మనకు కొత్తేమీ కాదు. కూచిపూడి భాగవతులూ వీధి నాటకాల వాళ్ళూ పాత్ర ప్రవేశించే వేళకు దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గుమని మంట లేచేది, దాని వెంట పొగ, ఆ పొగలోంచి మీసాలు దువ్వుతూ రాక్షసుడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటక సమాజం ఇలాంటి రంగస్థల మాయలతోనే తరాల తరబడి జనాన్ని కూర్చోబెట్టింది. సినిమాల్లోనైతే దేవలోకం అంటే మోకాళ్ళెత్తు తెల్లటి పొగ, అందులో నడుచుకుంటూ నారదుడు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో వధూవరులు మబ్బుల మీద నడిచొస్తున్నట్టు చేసే ప్రవేశం కూడా అక్కడి నుంచి వచ్చిందే.

కానీ ఒక తేడా గమనించండి. వీధి నాటకం వీధిలో జరిగేది. నెత్తిమీద ఆకాశం, చుట్టూ గాలి. దివిటీ పట్టినవాడికి ఏ వేళకు ఎంత పొడి చల్లాలో చేతికి తెలుసు. సినిమా సెట్టు అంటే నలభై అడుగుల ఎత్తు షెడ్డు. మన ఆఫీసు మీటింగ్ రూము సంగతి వేరు. పది అడుగుల ఎత్తు, అద్దాల తలుపు, తెరుచుకోని కిటికీలు, మూలన ఒక ఏసీ. పొగ అదే కావచ్చు, గది మాత్రం అది కాదు.

డ్రై ఐస్ దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే ఎక్కువ మంది మోజు దాని మీదే. అది గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు, కార్బన్ డయాక్సైడ్. సున్నాకు దిగువన 78.5 డిగ్రీల చల్లదనం. మంచు కరిగి నీళ్ళవుతుంది గదా, ఇది నీళ్ళు కాదు, ముక్క ముక్కగా ఉన్నది ఉన్నట్టే వాయువైపోతుంది. వేడి నీళ్ళలో వేస్తే బుసబుసమని తెల్లటి పొగ గిన్నె అంచు దాటి నేల మీద పాకుతుంది. చూడటానికి నిజంగా బాగుంటుంది, కాదనను.

అయితే ఆ తెలుపు ఏమిటి? చాలామంది అదే కార్బన్ డయాక్సైడ్ అనుకుంటారు. కాదు. ఆ వాయువుకు రంగు లేదు. మనకు కనిపించే తెలుపంతా సన్నటి నీటి తుంపరలు. చలికి నీటి ఆవిరి బిందువులుగా మారి తేలుతోంది, అంతే. హొగెనకల్‌లో కావేరి రాళ్ళ మీద పడి లేచే తెలుపు కూడా నీరే. దాని కింద పుట్టి తిప్పుకుంటూ వెళ్ళేవాళ్ళు ఎంత సేపు పీల్చినా ఏమీ కాదు. మీటింగ్ రూములో ఆ తెలుపుతో పాటు ఇంకొకటి కూడా నేల మీద పాకుతుంది, కంటికి కనిపించకుండా. మామూలు గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువైనది. పది నిమిషాల్లో తెలుపు మాయమవుతుంది. "పొగ పోయింది, ఇంకో రెండు ముక్కలు వెయ్యరా" అంటారు. పోయింది నీటి బిందువులు మాత్రమే. రెండోది గదిలోనే ఉంది. ఇవాళ నేను చెప్పే మాటల్లో ఒక్కటే గుర్తుపెట్టుకునే ఓపిక ఉంటే దీన్ని పెట్టుకోండి.

ఒక లెక్క చెబుతాను, కాగితం అవసరం లేదు. ఒక కేజీ డ్రై ఐస్ వాయువుగా మారితే దాదాపు 540 లీటర్లు అవుతుంది. ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తున్న గదిలో ఉండేది సుమారు 85 వేల లీటర్ల గాలి. ఆ గదిలో ఐదు కేజీలు వేశారనుకోండి. 2700 లీటర్లు. అంటే గది గాలిలో నూటికి మూడు పాళ్ళు పైనే. మూడు పాళ్ళేగా అనిపిస్తుంది. మామూలు గాలిలో ఇది ఉండేది నూటికి 0.04 పాలు. ఎనిమిది గంటలు పనిచేసే చోట నూటికి అర పాలు దాటకూడదని ప్రమాణం. మూడు పాళ్ళ దగ్గర ఊపిరి వేగం పెరుగుతుంది, తల నొప్పి పుడుతుంది. ఐదు దగ్గర తల తిరుగుతుంది. పది పాళ్ళయితే కొద్ది నిమిషాల్లో స్పృహ పోతుంది. పైగా ఇది గదంతా సమానంగా కలిసిపోయినప్పటి లెక్క. బరువైన వాయువు మొదట కిందనే ఉంటుంది. నిలబడ్డవాళ్ళకు మూడు అయితే, నేల మీద శవంలా పడుకుని అందరినీ భయపెట్టే వేషం వేసినవాడికి ఇంకా ఎక్కువ. ఆ వేషం ఎవరికిచ్చారో ఒకసారి చూసుకోండి.

ఇంకోలా చెప్పాలంటే, పదిహేను మంది ఆ గదిలో కూర్చుని గంట సేపు ఊపిరి వదిలితే సుమారు మూడు వందల లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఐదు కేజీల డ్రై ఐస్ అంటే ఆ పదిహేను మందీ తలుపేసుకుని తొమ్మిది గంటలు కూర్చున్నంత. అదంతా వేడి నీళ్ళ పుణ్యమా అని అరగంటలోపే.

"ఏసీ ఉంది కదండీ" అంటారు. ఇక్కడే పప్పులో కాలేస్తారు. గోడకు బిగించిన స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే లాక్కుని, చల్లబరిచి, మళ్ళీ గదిలోకే వదులుతుంది. బయటి గాలి ఒక్క గుక్కెడు కూడా తీసుకురాదు. చల్లగా ఉందంటే గాలి మారుతోందని కాదు. పెద్ద భవనాల్లో బయటి గాలిని లోపలికి తెచ్చే ఏర్పాటు వేరే ఉంటుంది, దాన్ని చూసుకునేవాళ్ళను అడిగితే ఎంత గాలి మారుతుందో చెబుతారు. చిన్న ఆఫీసుల్లో సాధారణంగా అదేమీ ఉండదు.

మాస్కోలో 2020 ఫిబ్రవరిలో ఒక పుట్టినరోజు పార్టీ జరిగింది. లోపలి ఈత కొలనులో పొగ రావాలని సుమారు 25 కేజీల డ్రై ఐస్ గుమ్మరించారు. కొందరు అందులోకి దూకారు. ముగ్గురు చనిపోయారు. నీళ్ళ మీద తల పెట్టి ఈదేవాడి ముక్కు సరిగ్గా ఆ వాయువు పరుచుకునే మట్టంలోనే ఉంటుంది మరి. ఇంకా పెద్ద ఎత్తున జరిగింది ఆఫ్రికాలో. కామెరూన్ దేశంలో న్యోస్ అనే చెరువు అడుగున చేరిన ఈ వాయువే 1986 ఆగస్టు 21 రాత్రి ఒక్కసారిగా పైకి పొంగి పల్లపు ఊళ్ళ మీదికి పారింది. పదిహేడు వందల మందికి పైగా చనిపోయారు, పశువులు వేలల్లో. అక్కడ తెల్లటి పొగ ఎవరూ పెట్టలేదు.

ధర్మపురి వైపు రైతు కుటుంబాలకు ఈ సంగతి వేరే దారిలో తెలుసు. చాలా కాలం వాడని బావిలోకి పూడిక తీయడానికి దిగేముందు లాంతరు తాడుకు కట్టి దింపేవారు. దీపం ఆరిపోతే దిగరు. పాతకాలపు తెలివి, ఎందరి ప్రాణాలో కాపాడి ఉంటుంది. అయితే ఆ తెలివిని పార్టీ గదికి తెచ్చి, "కొవ్వొత్తి వెలుగుతూనే ఉంది కదా, ఏం కాదు" అనుకోవద్దు. దీపం ఆరేది ప్రాణవాయువు బాగా తగ్గినప్పుడు. కార్బన్ డయాక్సైడ్ ఐదు పాళ్ళున్నా ప్రాణవాయువు ఇంకా ఇరవై పాళ్ళకు దగ్గరగానే ఉంటుంది. గుమ్మడికాయలో దీపం నిక్షేపంగా వెలుగుతుంది. పక్కన మనిషికి కళ్ళు తిరుగుతుంటాయి. బావుల దగ్గర ఇంకో విషాదం కూడా మామూలే. పడిపోయిన ఒకరి కోసం ఇంకొకరు, వాళ్ళ కోసం మూడోవాళ్ళు దిగుతారు. పార్టీలో ఎవరైనా పొగలో కూలబడితే వాళ్ళ మీద వంగి చెంపలు తడుతూ కూర్చోకండి. ముందు తలుపులన్నీ బార్లా తెరవండి. ఇద్దరు పట్టి గబగబా బయటికి, ఆరుబయటికి మోసుకు రండి. 108కి ఫోను చేసేటప్పుడు "డ్రై ఐస్ వాడాం" అని స్పష్టంగా చెప్పండి. ఆ రెండు మాటలు డాక్టరుకు చాలా పని తగ్గిస్తాయి.

డ్రై ఐస్ పార్టీ దాకా రావడం కూడా ఒక కథే. బెంగళూరు నుంచి ధర్మపురికి దాదాపు నూట ముప్పై కిలోమీటర్లు. థర్మోకోల్ పెట్టెలో పది కేజీలు పెట్టి, పెట్టెను వెనక సీటులో పెట్టి, అద్దాలెత్తి, ఏసీ వేసుకుని బయల్దేరతారు. ఎంత మంచి పెట్టె అయినా మూడు గంటల్లో పావు కేజీ నుంచి అర కేజీ దాకా వాయువైపోతుంది. కారు లోపల ఉండే గాలి మూడు వేల లీటర్ల ప్రాంతం. బయటికి ఏమీ పోకపోతే నూటికి నాలుగున్నర నుంచి తొమ్మిది పాళ్ళు. కారు సందుల్లోంచి కొంత పోతుంది, నిజమే. కానీ పెద్దరోడ్డు మీద డ్రైవరుకు కళ్ళు బరువెక్కడానికి అందులో సగం చాలు. 2018లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఐస్‌క్రీమ్ సరఫరా చేసే ఒకాయన కారులో డ్రై ఐస్ పెట్టెలున్నాయి. ఆ కారులో ప్రయాణించిన వాళ్ళమ్మ ప్రాణం పోయింది, భార్య ఆసుపత్రి పాలైంది. తేవాలంటే లారీలోనో టెంపోలోనో వెనక తెచ్చుకోండి. కారే దిక్కయితే అద్దాలు దించుకోండి, ఏసీని లోపలి గాలే తిప్పే బటన్ మీద ఉంచకండి.

పెట్టె మూత బిగించి టేపు వేయకూడదు, వాయువు పోయే దారి ఉండాలి. ప్లాస్టిక్ సీసాలో ముక్కవేసి మూత బిగించడం బాంబు చేయడంతో సమానం, సరదాకి కూడా వద్దు. ఉత్త చేత్తో ముట్టుకుంటే చర్మం కాలినట్టే బొబ్బలెక్కుతుంది. మందపాటి తోలు గ్లవ్స్, పట్టకారు ఉండాలి. సర్జరీకి వాడే పలచటి రబ్బరు తొడుగులు దీనికి పనికిరావు.

ఇక తినడం. ఇది చెప్పాల్సి రావడమే విచారం. 2024 మార్చిలో గురుగ్రాంలో భోజనం తర్వాత మౌత్ ఫ్రెషనర్ అనుకుని నోట్లో వేసుకున్నది డ్రై ఐస్ అయింది. ఐదుగురికి నోట్లోంచి రక్తం. అదే ఏడాది ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నాంద్‌గావ్ ప్రాంతంలో ఒక పెళ్ళిలో మూడేళ్ళ బాబు డ్రై ఐస్ ముక్కను మామూలు ఐస్ అనుకుని తిన్నాడు, ప్రాణం దక్కలేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే పొగ బిస్కెట్టు తిని బాధపడుతున్న ఒక పిల్లవాడి వీడియో దేశమంతా తిరిగింది. అది డ్రై ఐస్ కాదు, ద్రవ నైట్రోజన్, సున్నాకు దిగువన 196 డిగ్రీలు. ఆ తర్వాత తమిళనాడు ఆహార భద్రతా శాఖ, ద్రవ నైట్రోజన్ పోసి నేరుగా తినిపించే పదార్థాల మీద గట్టి హెచ్చరిక చేసింది. కాబట్టి పొగలు కక్కే షర్బతు గ్లాసులు పార్టీ నుంచి తీసేయండి. మధ్యలో ఒక పెద్ద గంగాళం పెట్టి, దాని చుట్టూ పొగ పారించి, తాగేవి వేరే బల్ల మీద పెట్టండి. ఫోటో అదే వస్తుంది.

ఇంతా చెప్పి, అసలు డ్రై ఐస్ వద్దంటారా అని అడుగుతారేమో. మూసిన గదిలో వద్దనే అంటాను. ఆరుబయట, లేదా రెండువైపులా తెరిచి ఉన్న వరండాలో, ఒకటి రెండు కేజీలు, పెద్దవాళ్ళ చేతుల్లో, పిల్లలకు అందకుండా అయితే నాకు అభ్యంతరం లేదు. గదిలో మబ్బు నేల మీద పాకాలనే పట్టుదల ఉంటే దానికి ఇంకో ఉపాయం ఉంది, ముందు పొగ మిషను సంగతి చూసి దాని దగ్గరికొస్తాను.

పెళ్ళి లైట్ల అన్న తెచ్చే ఫాగ్ మిషనులో పోసేది నీళ్ళూ గ్లైకాలూ కలిపిన ద్రవం. ప్రొపిలీన్ గ్లైకాల్, ట్రైఎథిలీన్ గ్లైకాల్, లేదా గ్లిసరిన్. లోపలి వేడి దిమ్మె మీద అది ఆవిరై, బయటికి రాగానే సన్నటి బిందువులుగా మారి తెల్లగా కనిపిస్తుంది. ఇందులో ఊపిరి ఆపేసే వాయువేమీ ఉండదు. అలా అని ఊదినంత ఊదొచ్చని కాదు. న్యూయార్క్ బ్రాడ్వే నాటకాల్లో ఈ పొగల మధ్య రోజూ ఆడే నటుల గొంతులూ ఊపిరితిత్తులూ ఏమవుతున్నాయని 2000లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఆ తర్వాత ఒక ఘనపు మీటరు గాలిలో గ్లైకాల్ 40 మిల్లీగ్రాములు దాటకూడదని అక్కడ ఒక హద్దు పెట్టుకున్నారు. మనం కొలిచే యంత్రాలు తెచ్చుకోలేం. ఎదుటి గోడ మీద గడియారం ముళ్ళు కనిపించకపోతే ఎక్కువైందని అర్థం, ఆపేయండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు మీ ఆఫీసులోనూ ఉంటారు. పదిమందిలో "ఎవరికి ఆస్తమా?" అని కేకేస్తే ఒక్కరూ చెయ్యెత్తరు. పార్టీ పిలుపులోనే పొగ పెడుతున్నామని, ఎక్కడ ఏ వేళకు పెడుతున్నామో రాయండి. వాళ్ళకు వాళ్ళే చూసుకుంటారు.

ఇప్పుడు హోసూరు పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. బళ్ళు తయారుచేసే ఊరు గనక షెడ్డులో రేడియేటర్ కూలెంట్ డబ్బాలు కనబడుతూనే ఉంటాయి. దాని మీదా గ్లైకాల్ అనే రాసి ఉంటుంది. ఫాగ్ ద్రవం అయిపోయిందని అది పోయకండి, ఎవరైనా పోస్తానన్నా ఆపండి. కూలెంట్‌లో ఉండేది ఎథిలీన్ గ్లైకాల్. పేరులో చుట్టరికమే గాని అది విషం. దీని దాయాది డైఎథిలీన్ గ్లైకాల్ ఏం చేస్తుందో 2025లో చూశాం. కాంచీపురం జిల్లాలో తయారైన దగ్గు మందులో అది చేరి, మధ్యప్రదేశ్‌లో పసిపిల్లలు మూత్రపిండాలు పాడై చనిపోయారు. అది తాగిన మందు, ఇది పీల్చే పొగ, రెండూ ఒకటి కావు. కానీ చవగ్గా దొరికిందని లేబులు లేని డబ్బాలోది ఏదీ మిషనులో పోయకూడదని అనడానికి ఆ ఒక్క ఉదంతం చాలు. ఇంట్లోనే గ్లిసరిన్ కలిపి చేసుకుందామనే వాళ్ళు కూడా ఉన్నారు. పాళ్ళు తప్పి, దిమ్మె మీద గ్లిసరిన్ మాడితే ఎక్రొలీన్ అనే ఘాటైన వాయువు వస్తుంది, కళ్ళూ ముక్కూ మండిపోతాయి. మిషను కంపెనీ చెప్పిన ద్రవమే కొనండి. ఖర్చు పెద్దగా ఉండదు.

మిషను వెయ్యి, పదిహేను వందల వాట్ల దాకా లాగుతుంది. దాన్ని కంప్యూటర్ల యూపీఎస్ ప్లగ్గులో పెట్టి ఆఫీసంతా చీకటి చేయకండి. ఎర్తు ఉన్న పెద్ద ప్లగ్గు వేరే చూసుకోండి. మూతి దగ్గర నిప్పులా కాలుతుంది, అప్పుడప్పుడు వేడి చుక్కలు చిందుతాయి. మనుషుల ముఖాలకేసి కాకుండా, మూడు మీటర్ల దూరం ఉంచి గోడవారగా పెట్టాలి. ఎక్కువ ఊదితే ద్రవం నేల మీద పొరలా పడుతుంది. ఆఫీసుల్లో నున్నటి టైల్సు గదా, పొడుగు గౌను వేసుకుని కాలు జారితే ఆ రోజు నిజమైన అరుపే వినబడుతుంది. వైర్లు నేల మీద వదిలేయకుండా గోడకు టేపుతో అంటించండి, పొగలో అవి కనిపించవు.

చెబుతానన్న ఉపాయం ఇదీ. ఆ మిషను పొగను మూత ఉన్న ఒక థర్మోకోల్ పెట్టెలోకి ఒక వైపు నుంచి పంపి, పెట్టె నిండా మామూలు ఐసు ముక్కలు పోసి, ఇంకో వైపు గొట్టం పెట్టి నేల మట్టాన బయటికి వదలండి. చల్లబడ్డ పొగ పైకి లేవదు, సినిమాలో దేవలోకంలా నేల మీదే పాకుతుంది. డ్రై ఐస్ అక్కర్లేదు, షర్బతులో వేసుకునే ఐసే చాలు. లైట్ల పని చేసేవాళ్ళలో అనుభవం ఉన్నవాళ్ళకు ఇది తెలుసు. ఇంకా చిన్న ముచ్చట అయితే, నీటిలో వేస్తే సన్నటి తుంపర లేపే అల్ట్రాసోనిక్ బిళ్ళలు దొరుకుతాయి, గుమ్మడికాయ లోపల గిన్నెలో ఒకటి పెడితే నోట్లోంచి పొగ వస్తుంది. అందులో శుభ్రమైన నీళ్ళే పోయాలి. వారం నుంచి నిలవున్న నీళ్ళు పోస్తే అందులోని సూక్ష్మజీవులు కూడా తుంపరతో పాటే గాల్లోకి లేస్తాయి.

కొన్ని పొగలను మాత్రం ఏ వాదనా లేకుండా కొట్టేస్తాను. సాయంత్రం వీధిలో దోమలకు కొట్టే పొగ బండి వెనక పిల్లలు పరుగెత్తడం మనం చూసిందే. డీజిలు, పురుగుమందు కలిసిన పొగ అది. "ఆ మిషను అద్దెకు దొరుకుతుందంట" అనే మేధావి ఎక్కడో ఒకచోట ఉంటాడు. దీపావళికి మిగిలిన రంగు పొగ గొట్టాలూ అంతే, అవి బాణసంచా, ఆరుబయట కాల్చేవి. నిప్పుల మీద సాంబ్రాణి కుండలు నాలుగైదు మూసిన గదిలో పెట్టడం కూడా వద్దు. బొగ్గు నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. సాంబ్రాణి వాసన దాని జాడే తెలియనివ్వదు.

ఇక సీలింగుకు అంటుకుని ఉండే తెల్లటి గుండ్రటి డబ్బాల సంగతి. పొగ పట్టే యంత్రాలు. గ్లైకాల్ పొగకు అవి చాలాసార్లు మోగుతాయి. లోపల ఒక చిన్న వెలుతురు కిరణం ఉంటుంది, బిందువులు దానికి అడ్డొస్తే పొగే అనుకుంటుంది, అది నిప్పు పొగా పార్టీ పొగా దానికేం తెలుసు? అందుకని కుర్రాళ్ళు కుర్చీ ఎక్కి దానికి ప్లాస్టిక్ కవరు కట్టేస్తారు. తర్వాత విప్పడం మరిచిపోతారు. నేను ఒప్పుకోని పనుల్లో ఇది ముందుంటుంది. చెయ్యాల్సింది ఏమిటంటే, వారం ముందే భవనం భద్రత చూసేవాళ్ళకు చెప్పడం. వాళ్ళు ఆ ఒక్క గది వరకూ ప్యానెల్‌లో ఆపి, ఆ గంట సేపు ఒక మనిషిని నిప్పు కాపలా పెట్టి, అయ్యాక మళ్ళీ తిప్పి రాసుకుంటారు. వాళ్ళు కుదరదంటే కుదరదనే అర్థం. పార్టీని మేడ మీదికో ఆవరణలోకో మార్చుకోండి. అలంకరణకు కట్టిన నల్ల గుడ్డలూ దూదితో చేసిన సాలెగూళ్ళూ ఇట్టే అంటుకునేవి. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక క్లబ్బులో పాట కచేరీకి వెలిగించిన నిప్పు రవ్వలు గోడ నురగకు అంటుకున్నాయి. మొదట్లో కొందరు అది కూడా ప్రదర్శనలో భాగమే అనుకున్నారు. వందమంది చనిపోయారు. మన పార్టీలో పొగ ముందే నిండి ఉంటే అసలు పొగను ఎవరు గుర్తుపడతారు? గుమ్మడికాయలో దీపం బదులు చిన్న బ్యాటరీ బల్బు పెట్టండి. బయటికి పోయే దారి మీదున్న ఆకుపచ్చ బోర్డు పొగలోంచి కూడా కనబడాలి, ఆ తలుపుకు అడ్డంగా శవపేటిక పెట్టకూడదు.

పార్టీ అయ్యాక మిగిలిన డ్రై ఐసును సింకులోనో టాయిలెట్‌లోనో పారేయకండి, పైపులు పగులుతాయి. ఆరుబయట, కుక్కలూ పిల్లలూ రాని చోట, మూత లేకుండా పెట్టి, కాగితం మీద తమిళంలో, తెలుగులో "ముట్టుకోవద్దు" అని రాసి ఉంచితే తెల్లారేసరికి దానంతటదే పోతుంది. కిటికీలు, తలుపులు అన్నీ తెరిచి, ఫ్యాను ఒకటి బయటివైపు తిప్పి అరగంటైనా గది ఆరనివ్వండి. ఆ గదిలోకి తర్వాత వచ్చేది మేనేజరు కాదు. రాత్రి పది గంటలకు చీపురూ బకెట్టూ పట్టుకుని వచ్చే అక్క. పార్టీ పిలుపు ఆమెకు రాలేదు, పొగ పెట్టిన సంగతీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. వంగి నేల తుడిచేది, బల్లల కింద చెయ్యి పెట్టేది, గిన్నెలో మిగిలిన తెల్లటి ముక్కను మామూలు ఐసనుకుని తీసేది ఆమే. మీరు ఇంటికి బయల్దేరే ముందు ఆమెను పిలిచి, ఈ గదిలో ఏం వాడారో, ఏది ముట్టుకోకూడదో, ఎప్పటిదాకా లోపలికి వెళ్ళకూడదో చెప్పి వెళ్ళండి. ఆమెకు తమిళమే వస్తే తమిళంలో చెప్పండి.